కొట్టివేసిన నాలుగు పంక్తులు

వార్తాపత్రిక డెస్కులో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను వెతుక్కుంటూ పానగల్ రోడ్డులోని నా కిరాయి ఇంటికి వస్తుంటారు. శీర్షిక ఎంత పొడవుండాలి, ఒకే వార్త ఇద్దరు పంపితే ఎవరిది తీసుకోవాలి, నాయకుల పేర్లు ఏ వరుసలో రాయాలి అని అడుగుతారు. వీటన్నిటికీ నా దగ్గర జవాబులున్నాయి. వార్తను ఎక్కడ కోయాలి అని అడిగినప్పుడు మాత్రం నేను లేచి వెళ్లి టీ పెడతాను. టీ అయ్యేసరికి వాళ్లు మరో ప్రశ్నకు వెళ్లిపోతారు. ఈసారి అలా తప్పించుకోదలచుకోలేదు.

నేను నల్లగొండ జిల్లా డెస్కు ఇన్‌చార్జిగా పదవీ విరమణ పొందాను. మండలాల నుంచి విలేకరులు పంపే వార్తలను సరిదిద్ది, కుదించి, శీర్షిక పెట్టి, పేజీలో కూర్చడం మా పని. గడియారం సెంటరుకు కొంచెం అవతల, ఎరువుల దుకాణం మీది అంతస్తులో ఆఫీసు ఉండేది. బాధ్యతలు తీసుకున్న కొత్తలోనే పన్నెండు నియమాలు టైపు చేయించి గోడకు అంటించాను. నాలుగో నియమం ఇది: “వార్త తలలో ఉంటుంది. తోకలో ఉండేది విలేకరి మురిపెం.” జాగా చాలనప్పుడు కింది నుంచి కోసుకుంటూ రమ్మని దాని భావం. ఈ పద్ధతి నేను కనిపెట్టింది కాదు, పత్రికల్లో ఎప్పటినుంచో ఉన్నదే. నేను దానికి శాసనం హోదా ఇచ్చాను.

కంప్యూటర్ తెర మీద తప్పు కనబడదని నా నమ్మకం. ప్రతి వార్తనూ ప్రింటు తీయించి, ఎర్ర పెన్సిలుతో దిద్ది, పేజీలు కట్టే ఆపరేటరుకు ఇచ్చేవాణ్ని. దిద్దిన ప్రతులను నెలవారీగా గోధుమరంగు కవర్లలో భద్రపరిచేవాణ్ని. రేపు ఎవరైనా “నేను అట్ల రాయలేదు” అని వాదిస్తే చూపడానికి. మా ఆపరేటర్ నా వెనక అనే మాట నాకు తెలుసు: “సారు చేతికి పెండ్లి పత్రిక ఇచ్చినా, ముహూర్తం ఉంచి పిల్ల పేరు, పిలగాని పేరు కోస్తడు.”

అందరూ నవ్వేవారు. నేను విననట్టే ఉండేవాణ్ని. క్రమశిక్షణ ఉన్నచోట వెనక నవ్వులు కూడా ఉంటాయని సరిపెట్టుకున్నాను.

కరోనా మొదటి లాక్‌డౌన్ వచ్చింది. జిల్లాకు విడిగా ఇచ్చే చిన్న పత్రిక ఆగిపోయింది. జిల్లా వార్తలన్నిటినీ ప్రధాన పత్రికలో రెండు పేజీలకు కుదించాలని ఆదేశం. ప్రకటనలు లేవు. పేపరు ముట్టుకుంటే రోగం వస్తుందని కొందరు వేయించుకోవడమే మానేశారు. డెస్కులో సగం మంది ఇళ్ల నుంచే పనిచేశారు. ఆఫీసుకు వచ్చేది నేను, ఆపరేటర్. అతనికి ఇంట్లో చోటు చాలక వచ్చేవాడు. నా భార్య పోయి అప్పటికి రెండేళ్లు. ఊరంతా ఇళ్లలో బందీ అయినప్పుడు, ఇంట్లో ఎవరూ లేని నేను ఆఫీసులో బందీనయ్యాను. నిజం చెప్పాలంటే అది నాకు ఒక వసతిగానే ఉండింది.

ఆ రోజుల్లో దేశమంతా నడిచింది. దూర ప్రాంతాలకు పనికి పోయే అలవాటు పాలమూరు, అంటే మహబూబ్‌నగర్ వైపు వాళ్లకు తరతరాలుగా ఉంది. బస్సులూ రైళ్లూ లేక వాళ్లూ నడిచారు. మన రహదార్ల మీద నెత్తిన మూటలతో, చంకన పిల్లలతో సాగిపోయే మనుషుల ఫొటో మొదటి వారంలో మొదటి పేజీకి ఎక్కింది. తర్వాత లోపలి పేజీకి వచ్చింది. ఎండలు ముదిరేసరికి, ఎవరైనా కూలిపోతే తప్ప అది వార్త కాకుండా పోయింది. ఇది ఎవరో కుట్ర చేసి చేసింది కాదు. రోజూ జరిగేది వార్త కాదని మేం నేర్చుకున్నాం, నేర్పాం.

దేవరకొండ రోడ్డు మీద ఒక మండలానికి మాకొక విలేకరి ఉండేవాడు. పొడవుగా రాసేవాడు. చలివేంద్రం ప్రారంభమైతే కుండ చేసిన కుమ్మరి దాకా వెళ్లేవాడు. అతన్ని నేను మందలించినన్నిసార్లు మరెవరినీ మందలించలేదు. ఒక మధ్యాహ్నం అతని దగ్గర నుంచి నలభై పంక్తుల వార్త వచ్చింది. ఊరి బయట బస్ షెల్టరులో ఒక మనిషి పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడు. ఆంధ్ర వైపు మేస్త్రీ పనికి వెళ్లి, నడిచి తిరిగి వస్తున్నవాడు. ఆధార్ కార్డు గుత్తేదారు దగ్గరే ఉండిపోయింది. సాగర్ కాలువలో నీళ్లు తాగుతుంటే ఫోను జారిపడిందని ముందు రోజు సాయంత్రం తనకు అన్నం పెట్టిన ఒక ముసలమ్మతో చెప్పాడు. ఆమె కరోనా భయంతో పళ్లెం దూరంగా పెట్టింది. అందుకే పేరు అడగలేదు. ఇదీ వార్త.

నేను ప్రింటు చదువుతుండగానే అతను ఫోను చేశాడు.

“సార్, వార్త పంపిన. చూసిండ్రా?”

“చూశాను. నిన్ను వార్త రాయమన్నానా, కథ రాయమన్నానా?”

“ఎంతన్న కొయ్యుండ్రి సార్, నేనేమన. ఆఖరు పేరా మాత్రం ఉంచుండ్రి. గాయిన పాలమూరు దిక్కాయన. గా జిల్లా పేజీలకు గూడ పంపుండ్రి. గక్కడి జనం చూస్తెనే గుర్తు వడ్తరు.”

“సరే, పంపుతాలే.”

“మాటనా సార్?”

“పంపుతానన్నాను కదయ్యా! ఫోను పెట్టు.”

ఇక్కడ ఒక సంగతి మీకు విడమరచాలి. జిల్లా పేజీ ఆ జిల్లా దాటదు. నల్లగొండ పేజీలో పడిన వార్త మహబూబ్‌నగర్ వైపు పాఠకుడికి కనబడదు, అక్కడిది ఇక్కడ కనబడదు. డిండి వాగు దాటితే మరో డెస్కు, మరో ఇన్‌చార్జి. ఒక వార్త రెండు వైపులా రావాలంటే నేను ఒక లేఖ జతచేసి అక్కడికి పంపాలి. రెండు నిమిషాల పని.

అతను ఉంచమన్న ఆఖరు పేరా నాలుగు పంక్తులు. అది ఇలా ఉంది:

“మృతుడు తాను అమ్రాబాద్ వైపు వాడినని వృద్ధురాలితో చెప్పాడు. ఊరి పేరు చెప్పలేదు. అతని సంచిలో ఒక తాపీ ఉంది. దాని పిడికి ఆకుపచ్చ చీర అంచు చుట్టి, తెల్ల దారంతో కుట్టి ఉంది. కుట్టిన చేతికి ఈ కుట్టు తెలుస్తుంది.”

మర్నాడు పత్రికలో వచ్చింది ఆరు పంక్తులు. శీర్షిక “గుర్తుతెలియని వలస కూలీ మృతి”. బస్ షెల్టరు, సుమారు వయసు, వడదెబ్బ కావచ్చన్న అనుమానం, పోలీసులు కేసు నమోదు చేశారన్న ముగింపు. తాపీ లేదు, అమ్రాబాద్ లేదు.

పొద్దున్నే విలేకరి ఫోను చేశాడు. ఎప్పటిలా నమస్తే చెప్పలేదు.

“పేజీ చూసిన సార్.”

“జాగా లేదయ్యా. రెండే పేజీలు. నీకు తెలియనిదా?”

“దాని పక్కన ఫొటో ఉన్నది గద సార్. బియ్యం సంచి ఇస్తున్నది. ఒక్క సంచిని తొమ్మండ్రు పట్టుకున్నరు. తొమ్మండ్ర పేర్లకు జాగా దొరికింది.”

దాతల ఫొటో కింద పేర్లు కోయకూడదన్నది ఏ డెస్కులోనైనా రాయని నియమం. ఒక పేరు పోతే పది ఫోన్లు వస్తాయి. చనిపోయిన వాడి తరఫున ఫోను చేసేవాళ్లు లేరు. ఇది నేను అతనికి చెప్పలేదు. “ఎవరితో మాట్లాడుతున్నావో తెలుసా?” అన్నాను. అతను “తెల్సు సార్” అని పెట్టేశాడు. ఆ తర్వాత అతని నుంచి వార్తలు రాలేదు. రిజిస్టరులో అతని పేరు ఎదుట “క్రమం తప్పాడు” అని రాసి, ఆ మండలానికి మరొకరిని పెట్టాను.

ఏళ్లు గడిచాయి. పదవీ విరమణ నాడు శాలువా కప్పారు, నియమాల పట్టిక గురించి అందరూ సరదాగా మాట్లాడారు. ఆ తాపీ నాకు అప్పుడప్పుడు గుర్తుకు వచ్చేది. వచ్చినప్పుడల్లా నేను నాకు చెప్పుకునే మాట ఒకటుంది: హడావిడిలో పాలమూరు డెస్కుకు పంపడం మరచిపోయాను. మరపు నేరం కాదు. దాన్ని తలచుకుని కాసేపు బాధపడితే అప్పు తీరినట్టే ఉండేది.

మొన్నటి వేసవికి ముందు, ఇప్పుడు డెస్కు చూస్తున్న అమ్మాయి ఫోను చేసింది. లాక్‌డౌన్ వచ్చి ఐదేళ్లయిన సందర్భంగా ప్రత్యేక పేజీ వేస్తున్నారట. “ఇద్దరే కూసుండి రెండు పేజీలు తెచ్చిండ్రట గద సార్. ఆ కష్టం రాయుండ్రి. మావాళ్లకు స్ఫూర్తి ఉంటది” అన్నది. కాదనలేకపోయాను. ఒంటరి మనిషికి ఎవరైనా పని చెబితే పండుగలాగే ఉంటుంది. ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆఫీసు ఫైళ్ల గదికి వెళ్లాను.

బైండు చేసిన ఫైలు తెరిచి ఒక్కొక్క రోజే చదివాను. ఆ కాలాన్ని చూసిన మీలో ఎవరైనా ఒకసారి ఆ పని చేయండి. దేశానికి వచ్చిన కష్టం పేజీల మీద ఎలా కనబడుతుందో తెలుస్తుంది. పైన అంకెలు, పక్కన అధికారుల సమీక్ష, కింద కూరగాయల పంపిణీ. రాశిఫలాలు ఒక్కరోజు కూడా ఆగలేదు. ప్రయాణ యోగం ఉందని ఒక రాశికి రాసి ఉంది. ఇదంతా నేనే పంపాను. ఎక్కడా అక్షర దోషం లేదు. చదువుతున్నంతసేపు, నా ఇంట్లో నేను లేని సమయంలో ఎవరో తిరిగి సర్దిపెట్టి వెళ్లినట్టుంది. అన్నీ వాటి చోట ఉన్నాయి. మనుషులే లేరు.

ఆరు పంక్తుల వార్త దొరికింది. దాన్ని చూసి ఊరుకోకుండా, ఇంటికి వచ్చి ట్రంకు పెట్టెలోంచి ఆ నెల గోధుమరంగు కవరు తీశాను. విలేకరి వార్త మూల ప్రతి బయటికి వచ్చింది. ఆఖరు పేరా మీద ఎర్ర పెన్సిలు గీత అడ్డంగా, స్కేలు పెట్టినట్టుగా ఉంది. అంచున నా చేతిరాత, చిన్న అక్షరాలు: “అనవసరం.” దాని కింద నా పొట్టి సంతకంతో మరో వరుస: “పాలమూరు డెస్కుకు అక్కర్లేదు. పేరు లేదు.”

నేను మరచిపోలేదు. ఆలోచించాను, నిర్ణయించాను, రాసి సంతకం కూడా చేశాను. అయిదేళ్లుగా నేను క్షమించుకుంటూ వచ్చింది చేయని తప్పును. చేసింది కవరులో భద్రంగా ఉంది. ఇతరుల అబద్ధాలు పట్టుకోవడానికి పెట్టిన పద్ధతి చివరికి ఒక్కసారే పనికివచ్చింది.

విలేకరి నంబరు పాత డైరీలో ఉంది. అతను ఇప్పుడు ఆ మండల కేంద్రంలోనే జిరాక్స్ దుకాణం నడుపుతున్నాడు.

“నమస్తే సార్. బాగున్నరా? మీ మీద పగ తీర్సుకుందామనుకుంటే మీరు రిటైర్ అయితిరి.”

“ఇప్పుడైనా తీర్చుకోవచ్చు. ఆ తాపీ సంగతి ఏమైనా తెలుసా?”

అతను జిరాక్స్ మిషను ఆపిన చప్పుడు వినిపించింది.

“నా కాన్నే ఉన్నది సార్. పోలీసోళ్లు సంచి పారేస్తమంటే, గది ఒక్కటి అడుక్కొని తెచ్చుకున్న. దుకాణంల మేకుకు తగిలేసిన. వచ్చినోళ్లు అడుగుతరు, మేస్త్రీ పనిగూడ చేస్తవానే అని.”

“మరి నువ్వు ఎవరినీ అడగలేదా?”

“ఎందుకడుగుత సార్? మీరు పంపుతనంటిరి. మా పేజీల కోసిండ్రు సరే, గక్కడికన్న పూరాగ పంపిండ్రనుకున్న. పాలమూరు పేజీ మా ఊరికి రాదాయె. ఎవ్వరు రాకపోతే, ఇగ ఆయనకెవ్వరు లేరనుకున్న.”

“నేను పంపలేదయ్యా. మరచిపోవడం కూడా కాదు. వద్దని రాశాను. కాగితం నా ముందే ఉంది.”

“గిరాకి వచ్చిండు సార్, పెడుతున్న” అన్నాడు. గిరాకి వచ్చిన అలికిడి ఏమీ లేదు.

గంట తర్వాత ఫోనుకు ఒక ఫొటో వచ్చింది. తుప్పు మొదలైన తాపీ, పిడి చుట్టూ మాసిన ఆకుపచ్చ అంచు. కింద ఒకే వాక్యం: “ఇగ పంపుండ్రి సార్.”

డెస్కు అమ్మాయికి సంగతంతా చెప్పి, ఫొటోను పాలమూరు డెస్కుకు, అక్కడి నుంచి అమ్రాబాద్ విలేకరికి పంపించాను. అతను మర్నాడు పొద్దున కూలీల అడ్డా మీద నిలబడి మేస్త్రీలకు చూపించాడు. నేను మధ్యాహ్నం అన్నం వండుకుంటుండగా ఫోను మోగింది. అతనితో పనిచేసిన ఒక మేస్త్రీ ఆ పిడిని గుర్తుపట్టాడు, చనిపోయిన మనిషి ఎవరో తెలిసింది. ఊరు, ఇల్లు, భార్య, తల్లి. ఒక్క పూట పట్టింది.

దేవరకొండలో విలేకరిని కలుసుకుని బస్సెక్కాను. అతనికి కణతల దగ్గర నెరిసింది. మన్ననూరు దగ్గర అడవిలోకి మలుపు తిరిగాక అతనే అడిగాడు.

“ఏం చెప్తరు సార్ ఆమెకు?”

“జరిగింది చెబుతాను.”

“ఎంత చెప్తరు? కోసి చెప్తరా, పూరాగనా?”

నేను ఒళ్లో ఉన్న గోధుమరంగు కవరు సర్దుకున్నాను. అతను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

అమ్రాబాద్ దాటి ఆటోలో ఆ ఊరికి చేరాం. రెండు గదుల ఇల్లు. గోడలు ఇటుక పేర్చినంతవరకే ఉన్నాయి, పూత లేదు. ఊళ్లో వాళ్ల గోడలు నునుపు చేసిన మనిషి తన ఇంటి గోడ దాకా రాలేకపోయాడు. వాకిట్లో మంచం మీద అతని తల్లి కూర్చుని ఉంది. భార్య పల్లి చేలో పని నుంచి అప్పుడే వచ్చి, చేతులు కడుక్కుంటోంది. ముప్పై దాటి ఉంటుంది. మెడలో పుస్తెలు ఉన్నాయి. మాకంటే ముందే వచ్చి నిలబడిన అమ్రాబాద్ విలేకరి ఆమెకు మరణం సంగతి చెప్పలేదు, తాపీ ఫొటో చూపించి ఇది మీదేనా అని మాత్రం అడిగాడట.

మా విలేకరి సంచిలోంచి పాత పేపరులో చుట్టిన తాపీని తీసి అరుగు మీద పెట్టాడు. ఆమె వెంటనే ముట్టుకోలేదు. తడి చేతులు కొంగుకు తుడుచుకుంది. తర్వాత తీసుకుని, పిడిని వెలుగు వైపు తిప్పి, బొటనవేలి గోటితో దారాన్ని వెతికింది.

“కుట్టు నాదే. పిడికి చెయ్యి బొబ్బలెక్కుతదంటే చుట్టిచ్చిన.” ఆమె తలెత్తింది. “ఎన్నడు పోయిండన్నా?”

విలేకరి చెప్పాడు. బస్ షెల్టరు, ముసలమ్మ పెట్టిన అన్నం, కాలువలో పడిన ఫోను, తానూ మరో ముగ్గురూ కలిసి చేసిన ఖననం. ఏదీ వదల్లేదు. ఎప్పటిలాగే పొడవుగా చెప్పాడు. నేను వింటూ ఉన్నాను. ఎక్కడా కోయదగిన మాట కనిపించలేదు.

అంతా విని ఆమె ఒక్కటే అడిగింది.

“ఇంటికే వస్తుండెనా?”

“ఇంటికే వస్తుండె అక్కా. ఎల్లుండికల్లా చేరుకుంట అన్నడట ఆ అవ్వతోని.”

మంచం మీది తల్లి అప్పుడు ఏడ్చింది. కోడలు ఏడవలేదు. మంచం పట్టె మీద చెయ్యి వేసి నిలబడింది.

“ఊరంత ఏమనిరో ఎర్కనా సారూ? ఆంధ్రల ఎవతెనో పెట్టుకున్నడన్నరు. హోటల్ కాడ నేను పోతుంటే పాటలు కట్టిండ్రు. ఈ ముసల్ది నీ నోటికే పారిపోయిండన్నది. ఆళ్లన్నది సరే. నేనూ అన్న. పొద్దుగాల లేస్తూనే తిట్టిన. ఐదేండ్లు తిట్టిన. సచ్చినోన్ని తిట్టిన్నా నేను?”

ఆమె నా వైపు తిరిగింది.

“మీరు పేపరోళ్లని చెప్పిండు. అప్పుడే ఎందుకు రాయకపోతిరి?”

“ఈయన రాశాడమ్మా. పిడి, కుట్టు, అమ్రాబాద్, అన్నీ రాశాడు. నేను కొట్టివేశాను.”

“ఎందుకు?”

“జాగా లేదని.”

“ఎంత జాగ పడ్తది?”

నేను నా చూపుడు వేలు చూపించి, మొదటి కణుపు దగ్గర గోటితో గీత పెట్టాను. ఆమె ఆ వేలిని చాలాసేపు చూసింది.

“గింతేనా” అన్నది.

ఎంతోమంది విలేకరుల ముందు, యాజమాన్యాల ముందు నేను జవాబు చెప్పుకున్నాను. ఆ ఒక్క మాటకు నా దగ్గర ఏ నియమమూ లేదు. కవరులోంచి మూల ప్రతి తీశాను. ఎర్ర గీత కింద అక్షరాలు స్పష్టంగానే ఉన్నాయి. చదవమన్నది. నాలుగు పంక్తులూ చదివాను. “కుట్టిన చేతికి ఈ కుట్టు తెలుస్తుంది” దగ్గర ఆగి ఆమె వైపు చూశాను. తాపీ పిడి ఆమె గుప్పిట్లో ఉంది. నా గొంతు మాత్రం నిలకడగానే ఉంది, అందుకు నేను గర్వపడడం లేదు.

“ఇప్పుడెయ్యుండ్రి పేపర్ల” అన్నది. “మా ఊరోళ్లు సదివేటట్టు ఎయ్యుండ్రి. యాడికో పారిపోలేదు, ఇంటికే వస్తుండె అని.”

“వేయిస్తానమ్మా.”

“మాటనా?”

విలేకరి తల తిప్పి నన్ను చూశాడు. “మాట” అన్నాను.

తిరిగి వచ్చాక స్ఫూర్తి వ్యాసం రాయలేదు. ఒక సవరణ రాసి డెస్కుకు తీసుకువెళ్లాను.

“సార్, సవరణ మర్నాడు ఏస్తరు, మహా అంటే వారానికి ఏస్తరు. ఐదేండ్లకా?” అన్నది అమ్మాయి. “నన్ను పైనోళ్లు అడిగితే ఏ రూలు చూపియ్యాలె?”

“గోడ మీది పన్నెండోది చూడు.”

ఆ పట్టిక ఇంకా అక్కడే ఉంది, ఏసీ కింద, నీటి మరకతో. పన్నెండో నియమం: “తప్పు ఏనాడు తెలిస్తే ఆనాడే సవరణ.” రాసేనాడు ఇతరుల తప్పులను దృష్టిలో పెట్టుకునే రాశాను. ఆమె చదివి, కుర్చీ లాక్కుని నా ముందే టైపు చేసింది. రెండు జిల్లాల పేజీలకూ పంపింది. పంపినట్టు తెర మీద నాకు చూపించింది కూడా. అడగకముందే.

ఈ జ్ఞాపకంలో నేను ఎవరి పేరూ రాయలేదు. నా తప్పు చెప్పడానికి ఇతరుల పేర్లు అవసరం లేదు. సవరణలో మాత్రం ఆ మనిషి పేరు, తండ్రి పేరు, ఊరు, వృత్తి అన్నీ ఉన్నాయి. విలేకరి పేరు ఉంది. కొట్టివేసిన నాలుగు పంక్తులు అక్షరం మార్చకుండా ఉన్నాయి. వాటిని అప్పట్లో తొలగించింది అప్పటి ఇన్‌చార్జి అని, అది పొరపాటు కాదు నిర్ణయమని కూడా ఉంది. పోలీసు ఫొటోలతో పోల్చి మరణ ధ్రువపత్రం ఇప్పించే పని విలేకరి తన మీద వేసుకున్నాడు. జిరాక్స్‌లు ఊరికే తీస్తానన్నాడు.

సవరణ వచ్చిన రోజు నేను ఇంట్లోనే ఉన్నాను. పత్రిక మడత విప్పి, చదివి, మళ్లీ అదే మడతలో పెట్టాను. ఇంట్లో చూపించడానికి ఎవరూ లేరు. టీ పెట్టుకున్నాను, తాగడం మరచిపోయాను. ఇది మాత్రం నిజంగానే మరపు. పదకొండు దాటాక తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది.

“సారూ, నేను. హోటల్ కాడ సదివించిన.”

“ఎవరు చదివారమ్మా?”

“అందరికంటే ఎక్కువ పాటలు కట్టినోడు ఉంటడు గద, ఆనితోనే సదివించిన. సగం సదివి, అర్థమైందక్కా అని మడత వెడుతున్నడు. మడువకు, ఆఖరు దాంక సదువు అన్న.”

“చదివాడా?”

“సదివిండు సారూ. కుట్టు సంగతి వచ్చేసరికి, చాయ్ తాగుతున్నోళ్లు లేసి నిలవడ్డరు.”